తొక్కకముందే

మా షాపుకొచ్చే కుర్రాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. కారుకి టర్బో మారిస్తే నడపడంలో మజా పెరుగుతుందా అని. అడిగేది నన్ను కాదు, మా ఆయన జోజిబాబుని. విజయవాడ ఆటోనగర్‌లో స్పోర్ట్స్ కారు ఇంజన్ విప్పి మళ్లీ బిగించగల చేతుల్లో ఆయన చేతులకో పేరుంది. నేను, లూర్దుమేరిని, షాపు ముందు వైపు స్పేర్ పార్టుల కౌంటర్లో కూర్చుంటాను. ఇంజన్ల గురించి నాకు తెలిసిందంతా ఆ కౌంటర్ మీదుగా విన్నదే. ఇన్నేళ్లలో అది తక్కువేం కాదు.

ఆయన జవాబు ఎప్పుడూ మారేది కాదు.

"పెద్ద టర్బో పెడితే లాగుడు పెరుగుద్ది బాబూ. కానీ తొక్కినాక కాసేపు ఏమీ అవదు. ఆ కాసేపు ఓర్చుకున్నోడికే మజా."

టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఇంజన్లోంచి బయటికి పోయే పొగ ఒక చిన్న ఫ్యాన్‌ని తిప్పుతుంది. ఆ ఫ్యాన్ ఇంజన్లోకి అదనంగా గాలి కూరుతుంది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే పరుగు ఎక్కువ. చిక్కల్లా ఆ ఫ్యాన్ ఊపందుకోవడానికి కాస్త టైం పట్టడమే. ఫ్యాన్ ఎంత పెద్దదైతే అంత టైం. చదువుకున్నవాళ్లు ఆ ఆలస్యాన్ని లాగ్ అంటారు. మా ఆటోనగర్‌లో లాగడం అంటే వేరు. బండి ఊపుగా దూసుకుపోతుంటే "లాగ్తంది" అంటాం, మధ్యలో ఉకారాన్ని మింగేసి. ఒకసారి హైదరాబాద్ కుర్రాడొకడు తన కారులో లాగ్ ఎక్కువగా ఉందని దిగులుగా చెబితే, పక్క షాపు మేస్త్రి "అయితే ఇక్కడికెందుకొచ్చావు నాయనా, హాయిగా తోలుకో" అన్నాడు.

జోజికి ఆ కాసేపంటేనే ఇష్టం. పెళ్లయిన కొత్తలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "ఇప్పుడు చూడు" అని తొక్కేవాడు. ఏమీ అయ్యేది కాదు. ఆ ఖాళీలో ఆయన పెదాల మీద చిన్న నవ్వు నిలబడేది. తర్వాత ఎవరో వీపు మీద తోసినట్టు కారు ఎగబాకేది. నేను కెవ్వుమనేదాన్ని. నాకప్పుడు ఆ తోపుడే మజా అనిపించేది. ఆయన మొహం చూస్తే మాత్రం మజా అంతకుముందే అయిపోయినట్టుండేది.

మా అమ్మాయి ఫిలోమిన. మినూ అంటాం. ఆరో క్లాసు. దానికి నత్తి. మాట అడ్డం పడ్డప్పుడు గడ్డం పైకి లేస్తుంది, కళ్లు పక్కకి పోతాయి. అలాంటప్పుడు లోకమంతా దానికి మాటలు అందిస్తుంది. టీచర్లు, మేనత్తలు, కిరాణా కొట్టాయన, నేను. నాకు ఓపిక తక్కువ, ఒప్పుకుంటాను. పొయ్యి మీద పాలుంటే ఎవరు మాత్రం ఆగుతారు. జోజి ఒక్కడే ఆగేవాడు. తలూపడం, "ఊఁ, చెప్పమ్మా" అని ఎగదోయడం ఏమీ ఉండవు. చేతిలో పానా పక్కన పెట్టి ఊరికే కూర్చునేవాడు.

"నీకు విసుగు రాదా?" అని అడిగితే, "ఎందుకొచ్చిద్ది? టర్బో ఎక్కుతంది. కాసేపాగితే అదే లాగుద్ది" అన్నాడు.

అందుకే బడిలో జరిగినవన్నీ మినూ సాయంత్రం దాకా దాచుకుని ఆయనకే చెప్పేది. నాకు దక్కేవి మిగిలిపోయినవి.

*

డాక్టర్ హిమజ మా షాపుకి ఒక డబ్బా, ఒక టిఫిన్ క్యారియర్ పట్టుకుని వచ్చింది. ముప్పై అయిదు దాటి ఉండవు. మనుషుల వైద్యం చేసే డాక్టరు కాదు, నరాల మీద పరిశోధన చేసిన మనిషి. కాళ్లు పోయినవాళ్లకి పెట్టే కృత్రిమ పాదాల కోసం మొదలుపెట్టిన పని, ఎవరూ నిధులివ్వక, కార్ల వైపు మళ్లిందట. ఒక కార్ల కంపెనీ ఆసక్తి చూపించింది. నడిపి చూపించడానికి ఆమెకి మంచి చెయ్యి, మంచి కాలు ఉన్న మనిషి కావాలి. జోజి పేరు ఎవరో చెప్పారు.

డబ్బాలోంచి మేజోడు లాంటిది తీసి నా కుడి కాలికి తొడిగింది. దానికో సన్న తీగ, తీగ చివర చిన్న బల్బు.

"కాలు కదపండి మేడమ్. నేను చెప్పినప్పుడు కాదు, మీకు బుద్ధి పుట్టినప్పుడు."

నేను కాసేపు బెట్టుగా కూర్చున్నాను. ఇప్పుడు కదుపుదాం అనుకున్నాను. బల్బు వెలిగింది. తర్వాత నా కాలు కదిలింది. మళ్లీ చేశాను. మళ్లీ బల్బే ముందు.

"నేననుకున్నది నాకన్నా ముందు దానికెట్టా తెలిసింది?"

"మీరనుకున్నాకే తెలిసింది. కాకపోతే మీ కాలికి తెలిసేలోపే తెలిసింది" అని నవ్వింది హిమజ.

అదీ ఆమె కనిపెట్టింది. కాలు తొక్కాలని మెదడు అనుకోగానే నరంలో పుట్టే చిన్న అలికిడిని ఆ మేజోడులోని అరికాలి పట్టీ పసిగడుతుంది. వెంటనే టర్బోకి తగిలించిన మోటారు ఫ్యాన్‌ని తిప్పేస్తుంది. పాదం పెడల్‌ని తొక్కేసరికి ఫ్యాన్ ఊపు మీద ఉంటుంది. ఎంత పెద్ద టర్బో పెట్టినా ఆలస్యం ఉండదు. మనిషి మనిషికీ నరం తీరు వేరు కాబట్టి నడిపేవాడే దాన్ని సరిదిద్దుకోవాలి. చేతులు ఖాళీ ఉండవు గనక నోటితో చెప్పాలి. "లాగ్" అంటే ఇంకా ఆలస్యంగా ఉందని ఫిర్యాదు. ఆ మాట వినగానే పట్టీ మరికాస్త ముందుకు జరుగుతుంది, అంటే ఫ్యాన్‌ని ఇంకాస్త ముందే తిప్పుతుంది. నరం వెనకబడితే పట్టీయే అరికాలికి సన్నటి చురుకు తగిలించి దాన్ని తొందరపెడుతుంది. నాలుగు రోజులకి కాలు అలవాటు పడుతుందంది. మాట విన్నట్టు గుర్తుగా స్టీరింగ్ పక్కన పచ్చ దీపం వెలుగుతుంది.

"హద్దు ఉందామ్మా దానికి?" అని జోజి అడిగాడు.

"మీరు ఫిర్యాదు చేయడం ఆపితే అదే ఆగుతుంది" అంది హిమజ. నిజాయితీగానే అంది.

షాపులో ఉన్న మా సొంత ఎర్ర కారుకి బిగించారు. చిన్న కారే, కానీ ఒళ్లంతా పొగరు. ఊరి బయట నున్న గ్రామం దగ్గర ఇంకా తెరవని బైపాస్ ముక్క మీద పరీక్షించడానికి హిమజ అనుమతి తెచ్చింది. మొదటి రోజు జోజి తిరిగొచ్చినప్పుడు ఆయన మొహం చూసి మా కుర్రాళ్లు పని ఆపేశారు.

"ఎట్టా ఉంది?" అన్నాను.

"తొక్కుదామనుకుంటే చాలు లూర్దూ, వీపు సీటుకి అంటుకుపోయింది. నా మనసుకి చక్రాలు తగిలించినట్టుంది. ఉన్నంతసేపూ లాగ్తంది, లాగ్తంది అని అరుస్తానే ఉన్నా."

మజా పెరిగిందా లేదా అని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే, పెరిగిందనే చెప్పేదాన్ని.

*

జోజి రోజూ పట్టీ కట్టుకుని నడుపుతుండగా ఇంట్లో మొదట కనిపించిన మార్పులు మాకు నవ్వు తెప్పించాయి. ఉప్పు అడగబోతుంటే డబ్బా నా చేతిలో ఉండేది. గ్యాస్ అయిపోయిందని నేను నోరు తెరిచేలోపు సిలిండర్ దొర్లించుకొచ్చేవాడు. ఇన్నేళ్ల కాపురంలో ఎన్నడూ లేని ఈ చురుకు చూసి, హిమజ మేజోడు ఆటోనగర్ మగాళ్లందరికీ తొడగాలని మా చెల్లెలితో అన్నాను కూడా.

తర్వాత ఆదివారం పూజలో ఫాదర్ గారు ప్రార్థన ముగించకముందే జోజి గట్టిగా "ఆమెన్" అన్నాడు. గుడంతా వెనక్కి తిరిగింది. మళ్లీ వారం మళ్లీ అదే. మూడో వారం నుంచి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. టీ పొగలు కక్కుతుండగానే గొంతులో పోసుకుని నాలుక కాల్చుకునేవాడు. ఆటో ఆగకముందే దిగబోయి మోకాలు చెక్కుకున్నాడు.

మాటలతో మరీ కష్టమైంది. తెలుగులో అసలు సంగతి వాక్యం చివర వస్తుంది. చేశాడో చేయలేదో, వస్తాడో రాడో చివరిదాకా వింటేనే తెలుస్తుంది. "మీ అన్నయ్య ఫోన్ చేశాడు, రేపు..." అని నేను మొదలుపెడితే "వస్తన్నాడా, రానీ" అని లేచి మాంసానికి వెళ్లిపోయేవాడు. మా బావగారు చెప్పింది రేపు రాలేనని. ఆ మాంసం మేమే మూడు పూటలు తిన్నాం. దాంతో నేనొక ఉపాయం కనిపెట్టాను. అసలు మాట ముందు పెట్టడం. "రానన్నాడు, మీ అన్నయ్య, రేపు." "పెట్టాను, అన్నం." "రాలేదు, కరెంటు బిల్లు." అలా మా ఇంట్లో తెలుగు తలకిందులైంది. అదో ఆటలాగే ఉండేది.

మినూ ఆ ఆట ఆడలేదు. దానికి ఏ మాటైనా ముందు వచ్చేదే కష్టం.

ఒక సాయంత్రం అది షాపులో ఆయన పక్కన స్టూలు మీద కూర్చుంది. నేను కౌంటర్ దగ్గర ఫిల్టర్లు సర్దుతున్నాను.

"నాన్నా, బళ్లో న...నన్ను తీ... తీ..."

"తీసుకెళ్లాలా? ఎక్కడికే, ఐస్‌క్రీమ్‌కా? పద" అన్నాడు జోజి.

మినూ గడ్డం కిందికి దిగింది. తలూపింది. ఇద్దరూ బందరు రోడ్డుకి వెళ్లి వచ్చారు. తిరిగొచ్చాక ఆయన నాతో గొప్పగా చెప్పాడు, "పిల్లకి నోరు నొప్పి లేకుండా నేనే అందుకుంటన్నా ఇప్పుడు." నాకూ బాగానే అనిపించింది. ఎవరో ఒకరు అందుకునేవాళ్లేగా, ఇక ఈయన కూడా అనుకున్నాను.

పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ల క్లాస్ టీచర్ సిస్టర్ ఆగ్నెస్ ముందు తనే బాధపడింది. "ఏమీ అనుకోకండమ్మా. క్విజ్‌లో టైం ఉంటుంది. జవాబు తెలిసి కూడా ఫిలోమిన చెప్పేలోపు గంట కొట్టేస్తున్నారు. అందుకని జట్టులోంచి తీసేశాం. ఇంట్లో చెప్పింది కదా?"

దారిలో మినూని అడిగాను.

"నాన్నతో చెప్పలేదా?"

"చె...చెప్పబోయా. నాన్న ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్లాడు."

"కాదని చెప్పకపోయావా?"

మినూ భుజాలెగరేసింది. "అ...అందరూ అంతేగా."

నాకు ఏడుపొచ్చింది. ఆ "అందరూ" అన్న మాటలోకి వాళ్ల నాన్న కూడా చేరిపోయినందుకు వచ్చింది. ఇన్నాళ్లూ ఆ బిడ్డకి ఈ లోకంలో ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు లేడు. ఆటో అతన్ని ఇంటికి కాదు, షాపుకి పోనిమ్మన్నాను.

*

షాపులో ఎర్ర కారు రోలర్ల మీద ఉంది. కారుని పట్టాలతో కట్టేసి, ముందుకు పోకుండా చక్రాలు మాత్రమే తిరిగేలా నడిపి చూసే ఏర్పాటు అది. కంపెనీ వాళ్లు ఆ వారంలోనే చూడ్డానికి వస్తున్నారు. హిమజ కంప్యూటర్ ముందుంది. జోజి కారు లోపల, కాలికి పట్టీతో.

నేను కిటికీ దగ్గరికి వెళ్లి మా ఇంటి తెలుగులోనే చెప్పాను. "తీసేశారు, మన మినూని, క్విజ్ లోంచి. చెప్పాలనుకుంది అది, మీతో, ఆ రోజు."

ఆయన ఏమీ అందుకోలేదు. అందుకోవడానికి ఏమీ మిగల్లేదు. కాసేపటికి "ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్లానే" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఆగలేకపోతున్నారు మీరు, ఎందుకు?"

"ఆగాలనే అనుకుంటా లూర్దూ. అనుకునేలోపే నోట్లోంచి వచ్చేస్తంది."

హిమజ లేచి వచ్చింది. అలా జరగడానికి వీల్లేదంది. పట్టీ ముందుకు జరిగేది ఫిర్యాదు ఉంటేనే, జోజిబాబు గారు మొదటి రోజు నుంచీ మెచ్చుకుంటూనే ఉన్నారు, ఎప్పుడో ఆగిపోయి ఉండాలి. కావాలంటే ఇప్పుడే చూద్దాం, ఒక్కసారి నడపండి అంది. మినూ వాళ్ల నాన్న పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. వద్దనడానికి కారు ఎక్కడికీ పోదు కదా అని ఊరుకున్నాను.

చక్రాలు తిరిగాయి. ఇంజన్ గొంతు ఒక్క ఉదుటున పైకెక్కింది. హిమజ కిటికీలోంచి "ఎలా ఉంది?" అని అరిచింది.

"లాగ్తంది" అన్నాడు జోజి.

మినూ స్టీరింగ్ పక్కన దీపం వైపు చూసింది. "నాన్నా, అది... అది ఆ... ఆ..."

"ఆపాలా? ఆపేస్తన్నా" అని ఆయన ఇంజన్ ఆపేశాడు.

మినూ తలూపబోయి ఆగింది. తర్వాత అడ్డంగా ఊపింది. ఎవరైనా అందించిన మాటని మా పిల్ల కాదనడం నేను చూడ్డం అదే మొదలు.

"కా...కాదు."

జోజి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను హిమజ మోచెయ్యి పట్టుకున్నాను, ఆమె కూడా ఏదో అందించబోతుంటే. మినూ గడ్డం లేచింది, మెడ నరాలు బిగిశాయి, మాట అడ్డం తిరిగింది, మళ్లీ వెనక్కి పోయింది. మేం అలాగే నిలబడ్డాం.

"అది ఆ...ఆగి వినట్లేదు. నువ్వు లాగ్ అనగానే దీపం వె...వెలిగింది. తంది అనకముందే."

హిమజకి వెంటనే అర్థం కాలేదు. "లాగ్తంది" అని తనలో తాను రెండుసార్లు అనుకుంది. రెండోసారి సగంలో ఆగిపోయింది.

"దేవుడా" అని కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తింది.

ఆలస్యాన్ని చంపడానికి పుట్టిన యంత్రం మాట పూర్తయ్యేదాకా మాత్రం ఎందుకాగుతుంది. సగం మాటకే దూకేది. మా ఆయన ముచ్చటపడి "లాగ్తంది" అన్న ప్రతిసారీ దానికి తిట్టులాగే వినపడింది. ఇంకా ఆలస్యమా, సరే, ఇంకాస్త ముందుకి. ఆయన ఎంత మెచ్చుకుంటే అది అంత కంగారుపడి ఆయన నరాన్ని అంత తొందరపెట్టింది, ఆ తొందర కాలి నుంచి నోటికీ పాకింది. హైదరాబాద్‌లో పెరిగిన హిమజకి లాగ్ అంటే ఒకటే అర్థం. ఆటోనగర్‌లో పెరిగిన జోజికీ ఒకటే అర్థం. ఇన్ని నెలలు ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఒకే మాట అనుకుంటూ వచ్చారు.

హిమజ తెర మీద గీత చూపించింది. "ఇంత ముందుకి వచ్చేసిందంటే ఇది ఇక మీ కాలు చెప్పింది వినట్లేదు. మీ కాలికి ఇదే చెప్తోంది."

"తెలుసు" అన్నాడు జోజి.

"ఎప్పట్నించి?" అన్నాను.

"చాన్నాళ్ల నుంచే. తొక్కాలని నేను అనుకోవడం ఉండదు, చూసుకునేసరికి తొక్కేసి ఉంటా. బండి బెమ్మాండంగా పోద్ది. నేనే పక్క సీట్లో కూర్చున్నట్టుంటది. మజా పోయి ఎన్నాళ్లో అయింది లూర్దూ."

"మరి ఇప్పుడు కూడా లాగ్తందని అన్నారే?"

"అలవాటు" అని తల దించుకున్నాడు.

హిమజ కుర్చీలో కూర్చుంది. మాట సరిచేయడం చిటికెలో పని అంది. కానీ అన్నీ మొదటికి తెస్తే కారు నెమ్మదిస్తుంది. ఇప్పుడున్న వేగం చూసే కంపెనీ వాళ్లు బయల్దేరుతున్నారు. ఇన్నేళ్ల తన పని ఈ ఒక్క రోజు మీద ఉంది. "జోజిబాబు గారూ, వాళ్ల ముందు ఒక్కసారి, ఒక్క చుట్టు ఇలాగే నడిపి..."

"సరే" అన్నాడు జోజి.

మినూ కారు తలుపు తీసుకుని దిగబోయింది. జోజి దాని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగమ్మా. డాక్టరమ్మా, మీరూ ఆగండి. ఆ సరే అన్నది నేను కాదు."

వంగి, బూటు విప్పి, పట్టీ ఊడదీసి కిటికీలోంచి హిమజకి అందించాడు. చెయ్యి చాచినంతసేపూ ఆయన కుడి కాలు దానంతటదే పెడల్ మీద కొట్టుకుంటూనే ఉంది. హిమజ దాన్ని చూసింది. పట్టీ తీసుకుంది. "నేను అడగాల్సింది కాదు" అంది. అప్పుడే ఫోన్ తీసి కంపెనీ వాళ్లని రావద్దని చెప్పింది. ఆమె మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ ఫోన్ చేశాక ఆమె మొహం చూస్తే అది నిలవలేదు. ఆ రోజు ఆమెకి మా ఇంట్లోనే అన్నం పెట్టాను.

*

హిమజ మళ్లీ కృత్రిమ పాదాల పనికే వెళ్లిపోయింది. జోజిని నరాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. నేర్చుకున్నది మర్చిపోవడానికి నరానికి టైం పడుతుందని, ఎంత పడుతుందో చెప్పలేనని, కొంత ఎప్పటికీ ఉండిపోవచ్చని ఆయన అన్నాడు. అప్పటిదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు. ఇంజన్లు విప్పే చేతులకి ఏమీ కాలేదు. విప్పిన ఇంజన్ ఎలా లాగుతుందో నడిపి చూసే కాలే పోయింది. ఆటోనగర్‌లో మెకానిక్‌కి అది చిన్న నష్టం కాదు. ఇప్పుడు బండ్లు తోలి చూసేది మా కుర్రాళ్లు. వాళ్లు చెప్పేది పూర్తిగా వినడానికి జోజి పళ్ల మధ్య లవంగం పెట్టుకుంటాడు. నోరు జారబోతే దాన్ని కొరుకుతాడు. మా ఇంట్లో లవంగాల ఖర్చు పెరిగింది.

మినూ ఇంకా ఆయనతో పెద్దగా మాట్లాడ్డం లేదు. అడిగినదానికి తలూపుతుంది. అంతే. ఒకసారి ఓడిపోయిన ఆటని మళ్లీ ఆడమంటే పిల్లలు ఊరికే ఆడరు.

ఎర్ర కారుకి దాని పాత టర్బోనే మళ్లీ బిగించారు. నేను నడపడం నేర్చుకున్నాను. పోయిన ఆదివారం పూజ అయ్యాక ముగ్గురం బయల్దేరాం. జోజి నా పక్కన, మినూ వెనక. రైల్వే గేటు పడింది. ఇంజన్ ఆపాను. గూడ్సు బండి వస్తోంది, అదెప్పటికి పోతుందో దానికే తెలియాలి.

"నాన్నా" అంది మినూ వెనక నుంచి. "నేను మ... మ..."

జోజి వెనక్కి తిరిగాడు. లవంగం పటుక్కున విరగడం నాకు వినపడింది. కుడి కాలు కారు నేల మీద టకటకా కొట్టుకుంది. దాన్ని ఎడమ కాలితో తొక్కిపెట్టాడు. ఎన్ని మాటలు ఆయన నాలుక చివరికి వచ్చి ఉంటాయో నాకు తెలుసు, నా నాలుక చివరికే నాలుగొచ్చాయి. మళ్లీ చేరతావా? మానేస్తావా? మందు వేసుకోవాలా? మర్చిపోయావా?

గూడ్సు బండి పోయింది. గేటు లేచింది. వెనక లారీ హారన్ కొట్టింది, దాని వెనక బస్సు. నేను తాళం తిప్పలేదు.

"మ... మ..."

చెమట ఆయన కణతల మీంచి కారుతోంది. మినూ అది చూసింది. దాని కళ్లు మెత్తబడ్డాయి.

"నాన్నా, నీ...నీకు కష్టంగా ఉంటే నువ్వే చె...చెప్పెయ్. ప...పర్లేదు."

జోజి విరిగిన లవంగాన్ని నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. ఈసారి ఆయన మాట నెమ్మదిగా వచ్చింది.

"నువ్వేం చెప్తావో నాకు తెలీదమ్మా."

మినూ కాసేపు ఆయన్నే చూసింది. లారీ వాడు నన్ను తిడుతూ పక్కనుంచి వెళ్లిపోయాడు. అప్పుడు మినూ ముందుకు జరిగి, వాళ్ల నాన్న సీటు మీద గడ్డం ఆనించి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.